స్లాబు మీద మునిగినూరి రాజు

మా వాడకట్టుల ఇప్పుడు నన్ను చూసి నవ్వనోళ్ళు ఇద్దరే. ఒకాయనకు కండ్ల ఆపరేషనై పట్టీ కట్టి ఉంది. ఇంకొకామె బిడ్డ కాన్పుకని సుల్తానాబాద్ పోయింది. ఆమె బస్సు దిగంగనే ఆమెకు గూడ చెప్తరు, నాకు తెలుసు. అందుకే ఎవరో చెప్పకముందే నేనే చెప్తున్న. నేను చెప్తే నా తప్పు జర చిన్నగ కనపడ్తదని ఆశ. విలన్లందరికి ఉండే ఆశే ఇది. మన కథ మనమే చెప్పుకుంటే మనం మంచోళ్ళమైతమని!

విలన్లంటే ముందుగల్ల మా షోకేసు సంగతి చెప్పాలె. లక్సెట్టిపేటల అందరిండ్లల్ల షోకేసులుంటయ్. వాటిల్ల పాలరాతి తాజ్‌మహల్, గాజు బాతులు, పెండ్లికి వచ్చిన గోడ గడియారాలుంటయ్. మా ఇంట్ల పదకొండు మంది విలన్లుంటరు. సూపర్‌హీరో సినిమాలల్ల లోకాన్ని నాశనం చేస్తనని బయలెల్లేటోళ్ళు. జానెడంత ఒకడు, మూరెడంత ఒకడు. హీరో బొమ్మ ఒక్కటి గూడ లేదు. మా ఆయన షోకేసు దిక్కు వీపు పెట్టి బువ్వ తింటడు. తిననియ్యి.

ఈ పిచ్చి ఎట్ల మొదలైందని అడుగుతరు. నేను బడికి పోయింది ఏడో తరగతి దాకనే. అటెన్క నా చదువంత మా బాపు కిరాణం దుకాణంల పొట్లాలు కట్టే కాగితాలు. సగం కథ ఒక పొట్లం మీద ఉండేది, మిగిలిన సగం చింతపండుతోని ఎవరింటికి పోయిందో! చివర తెల్వని కథలు చదివి చదివి నాకొక అలవాటైంది. చెడ్డోడని రాసి ఉన్నోడు నిజంగ చెడ్డోడేనా అని ఆలోచించుడు. ఎందుకంటే వాడు చెడ్డోడని తేల్చే పేజీ నాకెన్నడు దొరకలే. పెద్దగైనంక లైబ్రరీల పుస్తకాలు మొత్తం చదివిన, చివరి పేజీలతో సహా. అయినా అలవాటు పోలే.

ఇప్పుడు జాకెట్లు కుడ్త. మిషిను మీద ఫోను నిలబెట్టి డబ్బింగ్ సినిమాలు పెట్టుకుంట. కండ్లు కుట్టు మీద, చెవులు సినిమా మీద. అట్ల వింటుంటే ఒకటి తెలిసింది. విలన్ చెప్పే మాట సగం సినిమా దాక నిజమే ఉంటది. "మా జాగ గుంజుకున్నరు, మావోళ్ళను మోసం చేసిండ్రు" అంటడు. హీరో దగ్గర దానికి జవాబుండది. ఇగ రాసినోళ్ళకు భయమైతది, జనం వాని దిక్కు మర్లుతరేమోనని. అప్పుడు వానితోని ఒక పాపం చేపిస్తరు. ఒక రైలు పడగొట్టిస్తరు, లేకుంటే ఒక దవాఖాన కాలవెట్టిస్తరు. అంతే! వాడు అడిగిన ప్రశ్న మనం మర్చిపోతం, వాని పాపమే యాదికుంటది.

ఈ మాట మీద నాకూ మా పోచన్న బావకూ ప్రతి ఐతారం కొట్లాటే. పోచన్న మా అక్క మొగడు. బెల్లంపల్లిల బొగ్గుబాయి పని జేసి, రిటైరై, మా వాడకట్టుకే వచ్చి పడ్డడు. నా విలన్ల కాళ్ళు చేతులు ఇరిగితే గమ్ము పెట్టి అతికిచ్చేది ఆయనే. అతికిచ్చుకుంటనే తిడ్తడు.

"మరదలా, బాయిల కప్పు కూలుతుందంటే ఎవడు మంచోడు ఎవడు చెడ్డోడు అని చూడం. లైటు పట్టుకొని ఎవడు ఎనకకు మర్లొచ్చిండు అని చూస్తం. నీ షోకేసుల ఒక్కడన్న ఎనకకు మర్లిండా?"

"వాళ్ళను లోపట్నే ఇడ్సిపెట్టి పోయినోళ్ళ సంగతి చెప్పు బావా ముందు."

"నీతోని మాట్లాడుడు కంటే బాయిల నైట్ షిఫ్టు నయముండె."

"అయితే చాయ్ దాగి లే."

ఆయన లేవడు. నేను లేవనియ్య. మా అక్క వచ్చి తిడితేనే ఐతారం అయిపోయినట్టు.

మా ఇద్దరికి గట్టిగ పడింది ఒక్క విలన్ దగ్గర. వానికి నేను పెట్టిన పేరు మునిగినూరి రాజు. నీలి మొఖం, నాలుగు నల్ల కొమ్ములు, నోరు ఎప్పుడు తెరిచే ఉంటది. హీరో తాతల తాతలు కట్టించిన ఆనకట్టకు వాని రాజ్యం మొత్తం నీళ్ళల్ల మునుగుతది. మూడు వందల ఏండ్లు నీళ్ళ కింద ఉండి పైకొస్తడు. వచ్చి ఏమడుగుతడు? "మా ఊరు మాకియ్యుండ్రి" అంటడు. గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని, నీళ్ళల్ల మునిగిన ఊర్లోళ్ళకు జాకెట్లు కుట్టినదాన్ని. ఆ మాటకు నా మిషిను ఆగింది. సూది గుడ్డలనే ఉండిపోయింది.

ఆ బొమ్మ కోసం రెండేండ్లు వెతికిన. మంచిర్యాలల లేదు, కరీంనగర్‌ల లేదు. హైదరాబాద్ పోయినోళ్ళను అడిగితే నన్ను ఎగాదిగ చూసిండ్రు. ఆఖరికి మా పక్కింటి మల్లేశ్‌కు దుబాయ్‌ల దొరికింది. మల్లేశ్ నన్ను అక్కా అంటడు, వాని పెండ్లి బట్టలు కుట్టింది నేనే. ఫోటో పెట్టిండు: మూరెడున్నర పొడుగు, వీపున మీట నొక్కితే కండ్లు ఎర్రగ వెలుగుతయ్! "అక్కా, మావోడొకడు ఇంటికొస్తున్నడు. సరితకు పంపే కార్టన్ల నీ బొమ్మ గూడ పెడ్తున్న. ఆమె దగ్గర తెచ్చుకో" అన్నడు.

ఇక్కడే మెలిక. సరిత అంటే వాని పెండ్లాము. వాళ్ళిద్దరికి మూడు నెలల నుంచి మాటల్లేవు. ఎందుకంటే మెట్లు! కొత్త ఇల్లు కడుతున్నరు. మెట్లు ఇంట్లకెల్లి ఉండాలెనని మల్లేశ్, బయటకెల్లి ఉండాలెనని సరిత. ఆయన దుబాయ్ కెల్లి అరిసిండు, ఈమె లక్సెట్టిపేట కెల్లి అరిసింది. ఆఖరికి ఇద్దరు ఫోను బందు చేసిండ్రు. మేస్త్రి ఓదెలు రెండు దిక్కుల రాడ్లు ఇడ్సిపెట్టి, ఏ దిక్కూ మెట్లు కట్టకుండ స్లాబు పోసిండు. పైకి పోవాలంటే కట్టె నిచ్చెనే గతి.

మాటల్లేవు కాబట్టి, కార్టన్ల ఏమున్నదో మల్లేశ్ సరితకు చెప్పలే. గంతే. మొత్తం కథ గంతే.

శనివారం నాడు కార్టన్ వచ్చిందని తెలిసి చేతులల్ల ఉన్న జాకెట్ ఇడ్సిపెట్టి ఉరికిన. వాకిట్ల అడుగు పెట్టి తల ఎత్తి చూద్దును కదా, స్లాబు మీద, ముందటి పిల్లర్ రాడ్లకు, నా మునిగినూరి రాజు వేలాడుతున్నడు! మెడల నిమ్మకాయలు, పచ్చిమిరపకాయల దండ. నీలి మొఖానికి పసుపు, నొసటికి అరచేయంత బొట్టు. నడుముకు నల్ల తాడు. దిష్టిబొమ్మ!

"చూసినవా అక్కా!" సరిత ఎదురొచ్చింది. "మీ తమ్ముడు పంపిండు."

నా నోరు తెరుచుకుంది, రాజు నోరు లెక్కనే. ఆ నోట్ల నుంచి మాట వచ్చేలోపల సరిత నా చెయ్యి పట్టుకున్నది.

"మూడు నెలలాయె అక్కా. పిల్లలతోని మాట్లాడి ఫోను పెట్టేస్తడు. స్లాబు పడ్డదా అని గూడ అడగలే. ఈయనకు ఇల్లు మీద మనసు ఇరిగింది, నా మీద గూడ ఇరిగింది అనుకున్న. కార్టన్ల చీటీ లేదు, ఏం లేదు. కని గిది ఉన్నది! గంత దూరం కెల్లి గింత పెద్ద దిష్టిబొమ్మ ఎవరన్న ఊకెనే పంపుతరా? ఇంటికి దిష్టి తగలొద్దని ఆలోచన జేసిండంటే... ఇది ఆయనకు గూడ ఇల్లే కదా అక్కా?"

ఆమె కండ్లల్ల నీళ్ళు. నా నోటికి మా వాడకట్టుల పేరుంది. సర్పంచుకు చెప్పిన, బ్యాంకోళ్ళకు చెప్పిన, ఎవరి మొఖం మీదనన్న ఉన్నదున్నట్టు చెప్త. ఆనాడు ఏం చెప్పిన్నో తెలుసా?

"కొమ్ములు మంచిగున్నయే" అని చెప్పిన.

మర్నాడు ఐతారం. పోచన్న బావకు చెప్తే ఆయనకు నవ్వాగలే.

"పోయి అడుగు మరదలా."

"ఎట్ల అడుగుత? ఆమె కండ్లు చూసినవా నువ్వు?"

"అయితే ఇడ్సిపెట్టు."

"ఎట్ల ఇడ్సిపెడ్త? రెండేండ్లు ఎదురుచూసిన. ఎండకు రంగు పోతది. కోతులు చెవులు పీకుతయ్. గృహప్రవేశం దాక ఉంటడా వాడు?"

"మరి ఏం జేస్తవ్?"

చెప్పిన. నా దగ్గర అంగట్ల కొన్న కొమ్ములాయన ఉన్నడు, రెండు కొమ్ములోడు. దానికి అట్టతోని ఇంకో రెండు కొమ్ములు అతికిచ్చి, మొఖానికి బట్టలకు పెట్టే నీలి పూసి, ఎవరూ లేనప్పుడు పైకెక్కి మార్చేస్త. కింద కెల్లి చూస్తే ఎవరికి తేడా తెలుస్తది? సరితకు బొమ్మ బొమ్మే ఉంటది, నా రాజు నాకొస్తడు. ఎవ్వరికి నష్టం లేదు.

బావ చాయ్ గ్లాసు కింద పెట్టిండు. నవ్వు పోయింది.

"మరదలా, నీ షోకేసుల ఉన్న పదకొండు మంది గిట్లనే మొదలువెట్టిండ్రు. నాది నాకు కావాలె, ఎవ్వరికి నష్టం లేదు అని."

"నేనేం రైలు పడగొడ్తలేను బావా!"

"ఇంకా సగం సినిమానే అయ్యింది" అన్నడాయన.

మంగళవారం. ఒంటి గంట దాటింది. ఓదెలు మనుషులు సద్దులు తినవోయిండ్రు. సరిత ఇంటికి తాళమేసి ఎటో పోయింది. కుట్టు సంచిల కొమ్ములాయనను పెట్టుకొని, కొంగు నడుముకు చెక్కుకొని నిచ్చెనెక్కిన. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క వాక్యం మనసుల చదువుకున్న. ఇది దొంగతనం కాదు. వస్తువు నాది. పంపినోడు నాకే పంపిండు. పొరపాటు నాది కాదు. పైకెక్కేసరికి నా ఉపన్యాసం ఎంత బాగున్నదంటే, ఎనక జర సంగీతం ఉంటే సినిమానే!

కొత్త స్లాబు మీద మట్టితోని మళ్ళు కట్టి నీళ్ళు నిలుపుతరు కదా, పగుళ్ళు రావొద్దని. ఆ సంగతి నాకు తెల్వదా? తెలుసు. కని ఉపన్యాసం నడుస్తుంటే కాలు కింద ఏమున్నదో ఎవరు చూస్తరు! రాజును ఇప్పిన, సంకల పెట్టుకున్న, సంచిల కెల్లి కొమ్ములాయనను తీసిన, ఒక అడుగు ఎనకకు వేసిన. జర్రున జారి, మడిల బోర్ల పడ్డ. జడ ఊడింది. కొమ్ములాయన నా మొఖం కింద నలిగిండు. నీళ్ళల్ల నాని ఆయన నీలి మొత్తం నా మొఖానికి, చేతులకు వచ్చింది. అట్ట కొమ్ములు అప్పడాలైనయ్. రాజుకు మాత్రం ఒక్క గీత పడలే. వాన్ని పైకెత్తి పట్టుకొనే పడ్డ మరి!

సరే, లేచి దిగుదామని స్లాబు అంచుకు వచ్చిన. నిచ్చెన లేదు.

ఎవరో వచ్చి ఎత్తుకపోయిండ్రు. నేను నీళ్ళల్ల కొట్టుకుంటున్నప్పుడు, పైన ఎవరున్నరో చూడకుండ.

కేకేద్దామని నోరు తెరుస్తున్న. అప్పుడే వాకిలి తలుపు చప్పుడైంది. సరిత! కొత్త చీర కట్టుకున్నది, తలల పూలు పెట్టుకున్నది. చేతుల ఫోను. స్లాబు కిందికి వచ్చి నిలబడ్డది. నేను గబుక్కున పిల్లర్ ఎనక కూసున్న.

"...లేదు, నేనే చేసిన ఫోను. నువ్వు తినే టైము కదా అని చూసి చేసిన." అంటున్నది సరిత. "నువ్వు బొమ్మ పంపినవని చేసిన. పంపకపోతే చేసేదాన్ని కాదు. నాకు గూడ పౌరుషముంటది."

"బొమ్మా?" మల్లేశ్ గొంతు. వీడియో కాల్! "ఏం బొమ్మ?"

"ఊకో, తెల్వనట్టు! దిష్టిబొమ్మ. పిల్లర్‌కు కట్టిన. ఉండు చూపిస్త."

ఆమె చూపించబోయే పిల్లర్ ఖాళీగ ఉంది. బొమ్మ నా సంకల ఉంది.

ఆ ఒక్క నిమిషంల నాకు ఏం తోచిందో ఉన్నదున్నట్టు చెప్త. రెండేండ్ల ఎదురుచూపు యాదికి రాలే, ఉపన్యాసం యాదికి రాలే. బావ అన్న లైటు మాట గూడ యాదికి రాలే, అది తర్వాత యాదికొచ్చింది. ఆమె తలెత్తి చూస్తే ఆడ ఏమీ ఉండదు. గదొక్కటే తెలిసింది. రాజును రెండు చేతులతోని పట్టుకొని పిల్లర్ ముందట ఎత్తిన. కట్టడానికి టైము లేదు. ఎనక దాసుకుందామంటే పిల్లర్ తొమ్మిది ఇంచులే, నేనట్ల లేను! రాడ్ల నడుమ మొఖం పెట్టి ఊపిరి బిగవట్టిన. వేలు మీట మీద పడ్డది. రాజు కండ్లు ఎర్రగ వెలిగినయ్.

ఫోను పైకి మర్లింది.

మల్లేశ్ మొఖం చిన్నగ కనపడ్తున్నది. వాడు బొమ్మను చూసిండు. గుర్తుపట్టిండు, ఎందుకు గుర్తువట్టడు, కొన్నది వాడే కదా! "గది అక్క బొమ్మ కదనే" అనబోతున్నడు, పెదవులు తెరుచుకుంటున్నయ్. నేను రాడ్ల నడుమ కెల్లి తల అడ్డంగ ఊపిన. వద్దు తమ్ముడా, చెప్పకు. కండ్లతోని బతిమాలిన. నా బొమ్మ కోసం పైకెక్కినదాన్ని, అది నాది కాదని చెప్పమని బతిమాలుతున్న!

వాడు నన్ను చూసిండు. ఇంకా జర దగ్గరికి వంగి చూసిండు.

"సరితా" అన్నడు. "నేను పంపింది ఒక్కటే కదనే. రెండున్నయేంది? రెండోదానికి కొమ్ములు పెద్దగున్నయ్!"

సరిత తలెత్తింది. నీలి మొఖం, ఇరబోసుకున్న జుట్టు, తల మీదికెల్లి నాలుగు ఇనుప రాడ్లు. చేతుల ఎర్ర కండ్ల రాజు. "అమ్మో!" అని ఒక్క కేక పెట్టి, మళ్ళ చూసింది.

"అక్కా?! నువ్వేంది ఆడ!"

"తాడు వదులైందే" అన్న. "కడుతున్న."

"గట్టిగ కట్టక్కా!" అని దుబాయ్ కెల్లి మల్లేశ్ అరిసిండు. ఇగ వాడు మొదలువెట్టిండు నవ్వుడు. సరిత ముందు కొంగు అడ్డం పెట్టుకున్నది, తర్వాత ఇసుక కుప్ప మీద కూలబడి నవ్వింది. మూడు నెలల నవ్వు మొత్తం ఇద్దరు కలిసి నా మీదనే నవ్విండ్రు. నవ్వి నవ్వి మల్లేశ్ అడిగిండు:

"మరి అక్క ఎట్ల దిగుతదే?"

"ఏమో. నిచ్చెన లేదు."

"చూసినవా! లోపట కెల్లి మెట్లుంటే గిట్లయితుండెనా?"

"బయట కెల్లి ఉంటే ఇంకా సులువుగ దిగుతుండె!"

ఇగ షురూ! ఇరవై నిమిషాలు. నేను ఎండల, నీలి మొఖంతోని, రాజును ఎత్తి పట్టుకొని నిలబడి ఉన్న. వాళ్ళు కింద మెట్ల గురించి కొట్లాడుకుంటున్నరు. మూడు నెలల తర్వాత మొగడు పెండ్లాలు కడుపునిండ కొట్లాడుకుంటున్నరు. ఆఖరికి నాకే కోపమొచ్చింది.

"ఎటుదిక్కన్న పెట్టుకోర్రి కని మెట్లు పెట్టుర్రి! నన్ను దింపుర్రి!"

ఆ అరుపుకు సద్దులు తింటున్న ఓదెలు మనుషులు వచ్చిండ్రు. పక్క సందోళ్ళు వచ్చిండ్రు. మా పోచన్న బావ గూడ వచ్చిండు. నిచ్చెన ఎక్కడుందో వెతికి తెచ్చింది ఆయనే. నేను దిగే ముందు రాజును మళ్ళ పిల్లర్‌కు కట్టిన. మూడు ముళ్ళేసిన, జాకెట్ హుక్కు కంటే గట్టిగ. మీట ఎక్కడున్నదో సరితకు నేనే చూపించిన.

రాత్రి మల్లేశ్ మెసేజ్ పెట్టిండు: "అక్కా, నీకు ఇంకోటి వెతుకుతనే." వద్దన్న. వాడు నా మాట విన్నడు, పాపం. ఒకసారి వద్దనంగనే ఊకున్నడు! జర గట్టిగ అడిగితే బాగుండు.

మొన్న ఐతారం బావ షోకేసు ముందట నిలబడ్డడు. రాజు కోసం జరిపి పెట్టిన జాగ ఖాళీగ ఉంది, దాని పక్కన కొమ్ములాయన జాగ గూడ ఖాళీనే.

"మరదలా, నీది నీకు కావాలెనని ఎక్కినవ్. సరే. చేతికి వచ్చినంక ఎందుకు ఇడ్సిపెట్టినవ్?"

జవాబు తెలుసు నాకు. చెప్తే ఆయన గెలుస్తడు. అందుకని చాయ్ పొయ్య మీద పెట్టిన. ఆయన నలిగిన కొమ్ములాయనను ఒళ్ళె పెట్టుకొని గమ్ము డబ్బా మూత తీసిండు.

ఇప్పుడు రోజు పొద్దుగూకంగనే సరిత మీట నొక్కుతది. మా గడపల కూసోని చూస్త. మునిగినూరి రాజు ఎర్రటి కండ్లతోని మా వాడకట్టును కాపలా కాస్తుంటడు, వాని ఊరు కాకున్నా. విచిత్రమేందంటే, ఆనాటి సంది ఆ స్లాబు మీదికి ఒక్క కోతి రాలే. బొమ్మ కండ్లకు భయపడి రాలేదని సరిత అంటది.

ఓదెలు మేస్త్రి మాత్రం కొత్తగ ఇల్లు కట్టుకునేటోళ్ళను తీసుకొచ్చి, కింద నిలబడి, పైకి వేలు పెట్టి చూపిస్తడు. నిన్న నా చెవులతోని విన్న.

"గీ ఇంటికి రెండు దిష్టిబొమ్మలు సార్. ఒకటి దుబాయ్‌ది, ఒకటి లోకల్. దుబాయ్‌దానికి కండ్లు వెలుగుతయ్. లోకల్‌దాన్ని కదిలియ్యకుండ్రి, అది తిడ్తది."